లోపలి గుడ్డ, పై కట్టు

నా ఎడమ పాదానికి ఇప్పుడు మూడు వేళ్లే ఉన్నాయి. చిటికెన వేలు ఉన్న చోట ఇప్పటికీ ఒక్కోసారి దురద పుడుతుంది. గోక్కుందామని చెయ్యి పెడితే అక్కడ ఏమీ ఉండదు. మొదట్లో ఆ ఖాళీ చేతికి తగిలిన ప్రతిసారీ ఒళ్లు ఝల్లుమనేది. ఇప్పుడు కొంచెం అలవాటైంది కాబట్టే కూర్చుని రాయగలుగుతున్నాను.

నేను కొడవలూరు దగ్గర మాగాణి రైతుని. చదివింది పదో తరగతి. ఊళ్లో ఎవరికి అర్జీ కావాలన్నా నా దగ్గరికే వస్తారు కాబట్టి రాత కొంచెం అలవాటు. షుగరు వచ్చి ఎనిమిదేళ్లయింది. బిళ్లలు వేసుకుంటాను, కాఫీలో చక్కెర మానేశాను, ఇంకేం కావాలి అనుకునేవాణ్ణి. పాదాలు రెండూ ఎప్పుడూ తిమ్మిరిగా ఉండేవి. పొలంలో ముల్లు దిగినా తెలిసేది కాదు. అది నా ఒంటి గట్టిదనం అనుకుని నలుగురిలో గొప్పగా కూడా చెప్పుకున్నాను. నొప్పి తెలియకపోవడం జబ్బేనని, వరమేమీ కాదని అప్పుడు నాకు చెప్పినా వినేవాణ్ణి కాదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే మనిషిని నేను.

దెబ్బ తగిలింది నాట్ల వారంలో. కూలీలు చేలో దిగి ఉన్నారు, పై చేలో నుంచి నీళ్లు రావడం లేదు. గట్టులో నీళ్లు దిగే మడవ వెడల్పు చేద్దామని పార ఎత్తి వేశాను. బురదలో కాలు జారింది, పార వచ్చి పాదం పక్కన పడింది. నాకు ఏమీ తెలియలేదు. ఇంకో రెండు మట్టి పెళ్లలు తీశాను కూడా. నాట్లు వేసే ఒకామె నీళ్లలో ఎరుపు చూసి కేక పెట్టింది. ఒంగి చూస్తే చిటికెన వేలి మొదట్లో, రెండు వేళ్లు పట్టేంత లోతున గాయం నోరు తెరుచుకుని ఉంది.

కోవూరులో ఒక చిన్న నర్సింగ్ హోముకి తీసుకెళ్లారు. బురదలో తగిలిన గాయం కాబట్టి కుట్లు వెయ్యకూడదని, కడిగి, లోపల మందు గుడ్డ కూరి, పైన తెల్లటి కట్టు చుట్టారు. అక్కడి కాంపౌండరు మంచివాడు, ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "లోపల డ్రెస్సింగ్ పెట్టినాం, పైన కట్టు కట్టినాం. రేపట్నించి రోజూ రావాల. షుగర్ ఉండాది మీకు, నిర్లక్ష్యం చెయ్యబాకండి."

రోజూ రావడం అన్న మాట నాకు నచ్చలేదు. అటు నాట్లు పడుతున్నాయి. కట్టు మార్చడానికి కోవూరు దాకా పొయ్యేదేంది, ఇంట్లో ఆడమనిషి లేదా అనుకున్నాను.

ఆ ఆడమనిషి మస్తానమ్మ, నా భార్య. మా మేనమామ కూతురు, అందుకే నన్ను ఇప్పటికీ "బావా" అనే పిలుస్తుంది. పని చేస్తే వంక పెట్టడానికి ఉండదు. నా పాత నూలు పంచెలు రెండు తీసి, పట్టీలుగా చించి, మరిగే నీళ్లలో ఉడకబెట్టి, మిద్దె మీద ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి, చుట్టలు చుట్టి ఒక స్టీలు డబ్బాలో పెట్టుకుంది. మర్నాడు పొద్దున నన్ను వసారాలో కూర్చోబెట్టి పాత కట్టు విప్పింది. విప్పి, లోపల గాయంలో కూరిన గుడ్డ చూసి ఆగింది.

"ఇది గూడా తియ్యాలేమో బావా. తడిగా ఉండాది," అంది.

నేను అన్న మాట పొల్లు పోకుండా రాస్తాను. "నీకు గండి పూడ్చడం తెలుసా మే? గండిలో తొక్కిన గడ్డిని ఎవడన్నా పీకతాడా? దాన్ని తియ్యబాకు. పైనది మార్చు."

మా పొలాల్లో గట్టు తెగితే ముందు ఎండుగడ్డి చుట్ట చేసి గండిలో తొక్కుతాం. దాని మీద బంకమట్టి వేసి మెత్తుతాం. నీళ్లు ఊరుతుంటే పైన ఇంకో నాలుగు పారల మట్టి వేస్తామేగాని లోపలి గడ్డి జోలికి పోము. దాన్ని కదిలిస్తే గండి మళ్లీ తెరుచుకుంటుంది. చిన్నప్పటినుంచీ చేసిన పని అది. గాయం చూసినప్పుడు నాకు గండే కనిపించింది. డాక్టరు కూరిన మందు గుడ్డ లోపల గట్టిగా ఉంటేనే కండ పూడుతుందని, దాన్ని లాగితే మళ్లీ రక్తం కారుతుందని నాకు నేనే తీర్పు ఇచ్చుకున్నాను. మస్తానమ్మ లోపలిదాన్ని అలాగే ఉంచి, పైన కొత్త పట్టీ చుట్టింది. ఎంత శుభ్రంగా చుట్టిందంటే, చూడటానికి వచ్చిన మా పక్కింటాయన "ఆసుపత్రిలో గూడా ఇట్ట కట్టరబ్బా" అని మెచ్చుకుని పోయాడు.

రోజూ పొద్దున అదే వరస. కట్టు విప్పడం, కొత్తది చుట్టడం. మూడో రోజుకి నేను గట్టు మీద కుర్చీ వేయించుకుని కూలీల మీద అరుస్తున్నాను కూడా.

నాలుగో రోజు కట్టు విప్పుతూ మస్తానమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది. "బావా, వాసన వస్తా ఉండాది. కోవూరికి పోదాం పా," అంది.

"మాగాణి బురద వాసనలే. నీకు అన్నీ వాసనలే. పొద్దున్నే పప్పులో వాసన, సాయంత్రం పాలల్లో వాసన!"

"బురద వాసన నాకు తెలీదా? ఇది అది కాదు."

అప్పుడు నేను తిట్టాను. ఏం తిట్టానో రాయడానికి చెయ్యి రావడం లేదు. పైన ఇంకో చుట్టు ఎక్కువ చుట్టమన్నాను, గట్టు ఊరితే మట్టి ఎక్కువ వేసినట్టు. ఆమె చుట్టింది. ఆ తర్వాత వాసన మాట ఎత్తలేదు. గుమ్మం దగ్గర అగరొత్తులు వెలిగించడం మొదలుపెట్టింది. ఏడో రోజు నుంచి నాకు చలిజ్వరం పట్టుకుంది. ఎండలో తిరిగినందుకు అనుకున్నాను.

తొమ్మిదో రోజు మా అమ్మాయి సునీత వచ్చింది. కోవూరులోనే ఉంటుంది, స్కూల్లో టీచరు. గుమ్మంలో అడుగు పెట్టి అక్కడే ఆగిపోయింది. చేతిలో పళ్ల సంచి ఉంది, దాన్ని కింద పెట్టడం కూడా మర్చిపోయింది.

"ఏం వాసన నాయనా ఇది?"

నాకు ఏ వాసనా రావడం లేదు. నిజంగానే రావడం లేదు. రోజూ అందులోనే పడుకుని లేచేవాడికి ఏం తెలుస్తుంది? సునీత నా మంచం దగ్గరికి వచ్చి, కట్టు కిందనుంచి కనిపిస్తున్న నాలుగో వేలు చూసింది. అది వంకాయ రంగులో ఉంది. అరగంటలో ఆటో మాట్లాడి నన్ను ఎక్కించింది. పెన్న మీద వంతెన దాటుతుంటే చలికి నా పళ్లు టకటకా కొట్టుకున్నాయి. మస్తానమ్మ తన కొంగు తీసి నా మెడకి చుట్టింది.

నెల్లూరులో ఆ ఆసుపత్రి వరండా నాకు జన్మలో మరుపు రాదు. కాళ్ల డాక్టరు కోసం బెంచీల మీద కూర్చున్నవాళ్లందరి ముఖాలు కాదు, కాళ్లే చూశాను. ఒకాయనకి ఒక చెప్పే ఉంది. రెండో చెప్పు ఏదీ అని వెతికాను, పిచ్చివాడిలాగా. తర్వాత ఆయన లుంగీ కింద చూశాను. నా టోకెను చాలా వెనక ఉంది. ఆ ఒంటి చెప్పు ఆయనే నా వణుకు చూసి తన టోకెను నా చేతిలో పెట్టాడు. "నువ్వు పో ముందు. నాకు ఇంగ తొందరేముండాది," అన్నాడు. ఆయనది చిట్టమూరు వైపు అని తర్వాత తెలిసింది. ఆ చీటీ ఇవ్వకపోతే నేను ఇంకో రెండు గంటలు ఆ బెంచీ మీదే ఉండేవాణ్ణి.

కట్లు కట్టే గదిలో రూతమ్మ అనే సిస్టరు ఉంది. యాభై దాటిన మనిషి, మెళ్లో చిన్న సిలువ, చేతుల్లో తొందర లేదు. మస్తానమ్మ కట్టిన కట్టు చూసి నవ్వింది.

"ఎవురమ్మా కట్టింది? మా పిల్లలకి నేర్పించాల నువ్వు."

మస్తానమ్మ ముఖం తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి విప్పారింది. "నేనే సిస్టరమ్మా. రోజూ మారుస్తా ఉండా."

రూతమ్మ పట్టీ విప్పుకుంటూ పోయింది. ఆఖరి చుట్టు ఊడాక ఆమె నవ్వు పోయింది. సీసాలో నీళ్లు పోస్తూ, నానబెడుతూ, చిన్న పటకారుతో లోపలి గుడ్డ అంచు పట్టుకుంది. అది గుడ్డలాగా లేదు. దాని రంగు నేను రాయను.

"ఇది ఎప్పుడు పెట్టింది?"

"కోవూరులో పెట్టిందే," అంది మస్తానమ్మ.

"ఎన్నాళ్లయింది?"

"తొమ్మిది రోజులు."

రూతమ్మ చెయ్యి ఆగిపోయింది. మా ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. తర్వాత ఆ గుడ్డ బయటికి వచ్చింది. అప్పుడు నాకు వాసన తెలిసింది. నాలుగో రోజు మస్తానమ్మ చెప్పిన వాసన అది. సునీత గోడ పట్టుకుని బయటికి పోయింది. అది నా ఒంట్లోంచి వస్తున్నదంటే నమ్మలేకపోయాను. నా కాలు నా కళ్ల ముందే ఉంది, నాకు నొప్పి లేదు, అయినా అది కుళ్లిపోయి ఉంది.

డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, పెద్ద గొంతు. కాలు చూసి, ట్రేలో గుడ్డ చూసి, మస్తానమ్మ మీద విరుచుకుపడింది.

"రోజూ కట్టు మార్చానంటున్నావు, కళ్లు మూసుకుని మార్చావా? లోపల తొమ్మిది రోజులు అదే గుడ్డ ఉంటే తెలియలేదా? షుగరు మనిషమ్మా ఆయన! కనీసం వాసన రాలేదా నీకు?"

మస్తానమ్మ నా వైపు చూసింది. ఒక్కసారే. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. చెప్పింది డాక్టరమ్మా, నేనే వినలేదు అంటే చాలు. గడుసువాణ్ణని, ఎవరికీ భయపడనని ఊళ్లో పేరున్న మనిషిని, ఒక ఆడపిల్ల డాక్టరు గొంతుకి భయపడి తల దించుకున్నాను.

"తెలీక చేసినానమ్మా. నాదే తప్పు," అంది మస్తానమ్మ.

డాక్టరమ్మ గొంతు తగ్గించి సంగతి చెప్పింది. రెండు వేళ్లు ఇవాళే తియ్యాలి. అంతటితో ఆగితే అదృష్టం. ఆగకపోతే చీలమండ పైకి తియ్యాల్సి వస్తుంది. పాదం మీద ఎరుపు ఎక్కడిదాకా ఉందో అక్కడ నీలం పెన్నుతో గీత గీసింది. "ఇది దాటకూడదు," అంది.

ఆ రోజే రెండు వేళ్లు తీసేశారు. తర్వాతి నాలుగు రోజులు నా ప్రాణమంతా ఆ గీత మీదే ఉంది. పొద్దున డ్రెస్సింగ్ అప్పుడు నేను చూసేవాణ్ణి కాదు, కళ్లు మూసుకుని సునీత నోటి మాట కోసం కాచుకునేవాణ్ణి. "దాటలేదు నాయనా" అంటే గాలి పీల్చుకునేవాణ్ణి. మూడో రోజు ఆ పిల్ల వెంటనే చెప్పలేదు. కళ్లు తెరిచి చూస్తే ఒక పక్క ఎరుపు గీతని ఆనుకుని ఉంది. మళ్లీ ఆపరేషన్ గదికి తీసుకెళ్తారని, కాలు లేకుండా తిరిగి వస్తానని, మడవ దగ్గరికి ఎవరో మోసుకెళ్తే తప్ప పోలేనని, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు ఆడాయి. నా పక్క మంచం మీదే చేరిన ఆ ఒంటి చెప్పు పెద్దాయన, "నాకు మూడు తూర్లు కోసినారు. నీది ఒక్కసారితో పోతాదిలే, చూస్తా ఉండు," అన్నాడు. ఆయనకి ఎలా తెలుస్తుంది? అయినా ఆ మాట పట్టుకునే సాయంత్రం దాకా ఉన్నాను.

మస్తానమ్మ నా మంచం ఉన్న గదిలోకి వచ్చేది కాదు. బయట వరండాలో కూర్చునేది. మా అక్క చూడటానికి వచ్చి, నలుగురూ వినేలాగా, "నా తమ్ముడి కాలు పోగొట్టినావు గదే! గుడ్డ మార్చను గూడా చేతగాకపాయెనే నీకు!" అంది. తలుపు తీసే ఉంది. నాకు ప్రతి మాటా వినిపించింది. అప్పుడూ నేను అక్కని పిలిచి చెప్పలేదు. నీరసంగా ఉందని కళ్లు మూసుకున్నాను. నీరసం కాదు అది, పిరికితనం.

నాలుగో రోజు ఎరుపు వెనక్కి తగ్గింది. డాక్టరమ్మ గీత చూసి నా మోకాలి మీద తట్టింది. పాదం మిగిలింది.

ఇంటికి పంపే ముందు రూతమ్మ మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. ఒక చేతిలో చిన్న గుడ్డ ముక్క, ఇంకో చేతిలో పట్టీ చుట్ట పట్టుకుంది.

"మనోళ్లు రెండిటినీ కట్టే అంటారు. అక్కడొస్తాది తంటా. ఇది డ్రెస్సింగ్. పుండుకి ఆనుకుని ఉండేది ఇదే. చీమూ నెత్తురూ తాగేది ఇదే, తాగిందాన్ని తీసి పారెయ్యకపోతే పుండుకి విషం పెట్టేదీ ఇదే. ఇది కట్టు, బ్యాండేజి. పుండుకీ దీనికీ సంబంధం లేదు. లోపలిది జారిపోకుండా పట్టుకుంటాది, అంతే. మీరు పైన దుప్పటి ఉతుక్కుంటా వచ్చినారు. పుండును మాత్రం మురికి పక్క మీదనే పడుకోబెట్టినారు."

లోపలిది ఎన్నాళ్లకి మార్చాలో గాయాన్ని బట్టి ఉంటుందని, అది వాళ్లనే అడగాలని, సొంత తెలివి వాడొద్దని కూడా చెప్పింది. సొంత తెలివి అన్నప్పుడు ఎవరి వైపూ చూడలేదు. తర్వాత గుడ్డ ముక్క మస్తానమ్మకి అందించి, ఒకసారి పెట్టి చూపించమంది. మస్తానమ్మ చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"నా వల్ల కాదు సిస్టరమ్మా. నేను ముట్టుకోను."

ఇంటి దగ్గర కూడా ముట్టుకోలేదు. స్టీలు డబ్బాలో మిగిలిన పట్టీలన్నీ పొయ్యిలో పెట్టేసింది. మొదటి వారం సునీత బడికి సెలవు పెట్టి డ్రెస్సింగ్ మార్చింది. తర్వాత నేనే నేర్చుకున్నాను. మస్తానమ్మ వేడినీళ్లు తెచ్చి పక్కన పెట్టి, నేను కట్టు విప్పేలోగా పెరట్లోకి పోయేది. వంట చేసేది, మందులు అందించేది, మాట్లాడటం మాత్రం తగ్గిపోయింది. ఊళ్లో ఎవరన్నా నా కాలు గురించి అడిగితే, "నేనే సరిగ్గా చూసుకోలేదు" అనేది. నేను వింటూ ఉండేవాణ్ణి. ఒకసారి తప్పించుకున్న మాట రోజురోజుకీ గొంతులో ఇంకా లోతుకి దిగిపోతుంది. దాన్ని ఎలా బయటికి తియ్యాలో నాకు తెలియలేదు.

పుండు పూర్తిగా మానడానికి వరి కోతలు అయ్యేదాకా పట్టింది. ఆఖరిసారి చూపించుకోవడానికి నెల్లూరు వెళ్లాం, నేనూ మస్తానమ్మా. రూతమ్మ గదిలో మాకు ముందు ఒక జంట ఉన్నారు. ఆయనకి కొడవలి తగిలి అరచేతికి గాయం. భార్య చేతిలో గుడ్డ సంచి పట్టుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. రూతమ్మ నన్ను చూసి, "ఇదిగో, ఈ అన్నని అడగండి, డ్రెస్సింగ్ అంటే ఏందో కట్టు అంటే ఏందో నాకంటే బాగా చెప్తాడు," అంది.

నేను చెప్పాను. లోపలిది, పైది, తొమ్మిది రోజులు, రెండు వేళ్లు. చెప్పు విప్పి పాదం చూపించాను. ఆ మనిషి నోరు తెరుచుకుని చూసి, గిరుక్కున భార్య వైపు తిరిగాడు. "విన్నావా? కండ్లు పెట్టి చూసి చెయ్యాల. ఈయన భార్య మాదిరి చేసినావంటే నా చెయ్యి పోతాది."

మస్తానమ్మ నా వెనకే నిలబడి ఉంది. అలవాటైన మాట విన్నట్టు తల దించుకుంది. అది చూసి నా లోపల ఏదో తెగింది.

"ఆమెని అనబాక అబయా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మా ఆవిడ మొదటి రోజే తీస్తానన్నది. వద్దన్నది నేను. నాలుగో రోజు వాసనొస్తా ఉండాది, పోదాం పా అన్నది. తిట్టి నోరు మూయించింది నేను. డాక్టరమ్మ ఆమెను తిడతా ఉంటే నోరు మూసుకుని కూర్చున్నదీ నేనే. నీ భార్య ఏదన్నా చెప్తే విను. ముందు అది నేర్చుకో."

రూతమ్మ చేతిలో పని ఆపి నా వైపు చూసింది. ఆ మనిషి నా కాలి వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆయన భార్య మాత్రం మస్తానమ్మని చూసింది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో మేమిద్దరమే. మస్తానమ్మ తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. వంతెన దాటాక, నా వైపు తిరగకుండానే మాట్లాడింది.

"నువ్వు తిట్టినందుకు నాకు బాధ లేదు బావా. డాక్టరమ్మ దగ్గర గూడా, నీ ప్రాణం బాగాలేదు, నా మీద వేసుకుంటే ఏం పోయింది అనుకున్నా. కానీ నువ్వు ఆ రోజు గూడా చెప్పలా, మీ అక్క వచ్చిన రోజు గూడా చెప్పలా, ఇంటికొచ్చినాక గూడా చెప్పలా. అందరూ నేనే అంటా ఉంటే, నేనూ నేనే అంటా అంటా, రాన్రానూ నాకే తెలీకుండా పాయె. నాలుగో రోజు నీకు వాసన సంగతి చెప్పినానా, చెప్పినట్టు నేనే అనుకుంటా ఉండానా అని."

అప్పుడు నా వైపు తిరిగింది.

"చెప్పినాను గదా బావా? నిజంగానే చెప్పినాను గదా?"

"చెప్పినావు మస్తానా," అన్నాను.